వాడిదాకా వస్తుందా బ్యాటింగు?

క్రికెట్ సీజన్ వచ్చిందంటే అశోక్‌నగర్ టీ కొట్ల దగ్గర మాటల తీరే మారిపోతుంది. పగలంతా రాజ్యాంగ అధికరణాలు, శాతవాహనుల శాసనాలు, కాలం-పని లెక్కలు వల్లెవేసిన కుర్రాళ్లే సాయంత్రమయ్యేసరికి నోటుపుస్తకం చివరి పేజీలో పదకొండు పేర్లు రాస్తుంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర్నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా ఎక్కడ నలుగురు చేరినా ఇదే వాదన. ఇవాళ ఎవరిని తీసుకోవాలి? ఎవరిని వదిలేయాలి?

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. తలపడే రెండు జట్లలోంచి ఎవరికి నచ్చిన పదకొండు మందిని వాళ్లు ఎంచుకుంటారు. మైదానంలో ఆ పదకొండు మంది చేసే పరుగులకు, తీసే వికెట్లకు, పట్టే క్యాచ్‌లకు ఇక్కడ పాయింట్లు పడతాయి. ఎవరి పట్టికలో మొత్తం ఎక్కువైతే వారు గెలిచినట్టు. దీన్నే ఫ్యాంటసీ క్రికెట్ అంటున్నారు. ఓడినవాడు టీలు పోయించడంతో సరిపెట్టుకుంటే ఇది ముచ్చటైన కాలక్షేపం, పైగా మంచి లెక్కల పాఠం. డబ్బు దిగితే మాత్రం కథ వేరు. ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ఈ వాదనల్లో రోజూ వినిపించే మాటలు రెండున్నాయి. మొదటిది: "మస్తు ఫామ్‌ల ఉన్నడు మామా, పెట్టేయ్!" రెండోది: "ఫామ్ సరేగని... వానిదాంక వస్తదా బ్యాటింగు?"

మొదటి మాట గట్టిగా వినపడుతుంది. రెండో మాట ఎవరో మూలన నిలబడి, టీ గ్లాసు ఊదుకుంటూ అంటారు. కానీ అసలు తెలివంతా ఆ రెండో మాటలోనే ఉంది. ఆటగాడు ఎంత గొప్పవాడన్నది ఒక లెక్క. అతడి చేతికి పని ఎంత వస్తుందన్నది మరో లెక్క. అంచనా వేసేటప్పుడు ముందు చూడాల్సింది రెండోదే.

అమెరికా వాళ్ల 'టైట్ ఎండ్'

ఈ రెండో లెక్కను శాస్త్రంలా సాధన చేసినవాళ్లు అమెరికన్లు. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం... చూడ్డానికి చిన్నపాటి కురుక్షేత్రంలా ఉంటుంది. దాని మీద ఊహా జట్లు కట్టే ఆటకు 1962లోనే బీజం పడింది. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారైన బిల్ వింకెన్‌బాక్, జట్టుతోపాటు ప్రయాణంలో ఉండగా న్యూయార్క్‌లోని ఒక హోటల్లో మరికొందరితో కూర్చుని నియమాలు రాశాడు. ఇప్పుడది అమెరికాలో ఆఫీసు ఆఫీసుకీ పాకింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే మనవాళ్లు కూడా సెప్టెంబరు వచ్చిందంటే సహోద్యోగులతో కలిసి లీగులు కడుతుంటారు. ఆ రోజుల్లో ఫోను చేసి "నా టైట్ ఎండ్ ముంచేశాడు నాన్నా" అని మీ అబ్బాయి వాపోతే కంగారు పడకండి. ఆరోగ్యం బాగానే ఉన్నట్టు లెక్క!

ఎవరీ టైట్ ఎండ్? జోడెడ్ల బండికి ఒక్కడే కట్టిన ఎద్దులాంటివాడు. రెండు పనులూ అతడివే. మీదికి దూసుకొచ్చే ప్రత్యర్థులను భుజాలతో అడ్డుకోవడం ఒక పని. సందు చూసి ముందుకు పరుగెత్తి, విసిరిన బంతిని పట్టుకోవడం ఇంకో పని. చిక్కేమిటంటే అడ్డుకునే పనికి ఫ్యాంటసీలో ఒక్క పాయింటు కూడా రాదు. పట్టుకుంటేనే పాయింట్లు. కాబట్టి ఎంతసేపు మైదానంలో ఉన్నాడని కాదు, ఉన్నంతసేపూ ఏ పని మీద ఉన్నాడన్నది చూడాలి.

అందుకే అక్కడి లెక్కలవాళ్లు మెట్లు మెట్లుగా దిగుతారు. జట్టు బంతిని ఎన్నిసార్లు ఆడుతుంది? అందులో గాల్లోకి విసిరేవి ఎన్ని? ఆ విసిరిన సందర్భాల్లో మన టైట్ ఎండ్ అడ్డుకోవడానికి ఆగిపోకుండా పరుగు తీసేవి ఎన్ని? అతడి వైపు వచ్చేవి ఎన్ని? వాటిలో పట్టేవి ఎన్ని? ఉదాహరణకు జట్టు ఒక మ్యాచ్‌లో 35 సార్లు విసురుతుందనుకుందాం. అందులో అయిదో వంతు ఇతడికి వస్తే 7. మూడింట రెండు వంతులు పట్టినా నాలుగో అయిదో. ఒక్కోదానికి 10 గజాల చొప్పున 40 నుంచి 50 గజాలు. అదీ అతడి వారపు కూలి. గజాల లెక్క ఇలా కొంతవరకు ముందే చెప్పొచ్చు. గీత దాటి సాధించే టచ్‌డౌన్ మాత్రం ఎవరి అంచనాకీ సరిగా అందదు. ఒక్కటి పడితే 6 పాయింట్లు. పడకపోతే సున్నా. అందుకే అనుభవమున్నవాళ్లు పోయిన వారం ఎన్ని టచ్‌డౌన్లు చేశాడని కాక, పోయిన వారం అతడి వైపు బంతి ఎన్నిసార్లు వచ్చిందని చూస్తారు.

కడబంతిలో కూర్చున్నవాడు

ఇక మన ఆటకు వద్దాం. క్రికెట్‌లో టైట్ ఎండ్‌కి అన్నదమ్ముడు ఎవరంటే ఆరో నంబరు ఆల్‌రౌండర్. ఇతడికీ రెండు పనులే. బ్యాటింగు, బౌలింగు. రెండూ వచ్చినవాడు కాబట్టి రెండింటా పాయింట్లు వస్తాయని మనం ఎగబడి తీసుకుంటాం. తీరా చూస్తే ఒక్కోసారి రెండూ రావు!

పెళ్లి భోజనాలు గుర్తుచేసుకోండి. మొదటి బంతిలో కూర్చున్నవాడికి బూరెలు, పులిహోర, పాయసం... ఏదీ లోటుండదు. కడబంతిలో కూర్చున్నవాడి సంగతి ముందు బంతుల వాళ్ల ఆకలి మీద ఆధారపడుతుంది. వాళ్లు గట్టిగా లాగిస్తే ఇతడికి గిన్నె అడుగే మిగులుతుంది. ఆరో నంబరు బ్యాట్స్‌మన్‌ది అచ్చం ఇదే పరిస్థితి. ఇతడెంత భోజనప్రియుడన్నది కాదు, గిన్నెలో ఎంత మిగిలిందన్నదే ప్రశ్న.

టీ20లో జట్టుకు ఉండేవి 120 బంతులు. ఓపెనర్‌కి తొలి బంతి నుంచే తలుపు తెరిచి ఉంటుంది. ఆరో నంబరు వాడు సుమారుగా పదిహేనో ఓవర్ అయ్యాక వచ్చాడనుకోండి. మిగిలినవి 30 బంతులు. అవతల ఇంకో బ్యాట్స్‌మన్ ఉంటాడు కాబట్టి ఇతడి వాటా 15. అదీ చివరిదాకా నిలబడితే.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఓపెనర్ నూరు బంతులకు 130 పరుగుల వేగంతో ఆడతాడు. ఆరో నంబరు వాడు 160 వేగంతో ఆడతాడు. చూడ్డానికి రెండోవాడే మొనగాడు. కానీ ఓపెనర్‌కి సగటున 25 బంతులు దొరికితే 32 పరుగులు. రెండోవాడికి 10 బంతులే దొరికితే 16. బాగా కొట్టేవాడికి సగం పరుగులు, నిదానంగా కొట్టేవాడికి రెట్టింపు! తేడా ప్రతిభలో లేదు, వడ్డనలో ఉంది.

ఇక్కడే ఇంకో మెలిక. సగటున 10 బంతులు అన్నాం కదా. పది మ్యాచ్‌ల్లో ఆ 10 ఎలా వచ్చిందో విడదీసి చూడండి. మూడు మ్యాచ్‌ల్లో పైవాళ్లే పని ముగించేశారు, ఇతడికి ఒక్క బంతీ రాలేదు. నాలుగు మ్యాచ్‌ల్లో చివర్లో దిగి 8 చొప్పున ఆడాడు. మూడు మ్యాచ్‌ల్లో వికెట్లు టపటపా పడిపోయి 22 చొప్పున ఆడాడు. అన్నీ కలిపితే 98. సగటు దాదాపు 10. కానీ పది మ్యాచ్‌ల్లో ఏ ఒక్కరోజైనా అతడు 10 బంతులు ఆడాడా? లేదు! సగటు చెప్పే రోజు అసలు రానేలేదు. కాబట్టి ఒక్క అంకె రాసుకుని ఊరుకోకూడదు. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, ఎన్ని రోజులు ఎటు... ఈ మూడూ రాసుకోవాలి.

బౌలింగు లెక్క ఇంకొంచెం సులువు. టీ20లో ఒకరికి గరిష్ఠంగా 4 ఓవర్లు, అంటే 24 బంతులు. అయిదుగురు అసలు బౌలర్లుంటే వాళ్లతోనే 20 ఓవర్లూ సరి. ఆల్‌రౌండర్ ఆరోవాడు. ఎవరికైనా దెబ్బలు పడితేనే ఇతడికి పిలుపు. పైగా ఐపీఎల్‌లో 2023 నుంచి 'ఇంపాక్ట్ ప్లేయర్' నిబంధన వచ్చింది. బ్యాటింగు చేసినవాణ్ని కూర్చోబెట్టి, అతడి బదులు పూర్తిస్థాయి బౌలర్ని దించుకోవచ్చు. దాంతో ఆల్‌రౌండర్ చేతికి బంతి రావడం తగ్గింది. శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్ లాంటివాళ్లకు బౌలింగు దొరకడం లేదని, ఇది భారత క్రికెట్‌కు మంచిది కాదని 2024 ఐపీఎల్ సమయంలో రోహిత్ శర్మే బాహాటంగా చెప్పాడు. నిబంధన ఒక్కటి మారితే చాలు, నిన్నటి ఆల్‌రౌండర్ ఇవాళ సగం ఆటగాడైపోతాడు.

మన నితీశ్ కథ

దీనికి మనింటి ఉదాహరణే ఉంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 2025 అక్టోబరులో వెస్టిండీస్ మన దేశానికి వచ్చింది. అహ్మదాబాద్‌లో తొలి టెస్టు. కె.ఎల్.రాహుల్, ధ్రువ్ జురెల్, జడేజా ముగ్గురూ సెంచరీలు బాదేశారు. 5 వికెట్లకు 448 దగ్గర ఇన్నింగ్స్ డిక్లేర్ చేశారు. మ్యాచ్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. నితీశ్‌కి బ్యాటింగు రానేలేదు. బౌలింగు కూడా కొన్ని ఓవర్లే. స్కోరుబోర్డు మాత్రమే చూసినవాడికి అతడు ఉన్నాడో లేడో కూడా తెలియదు. కళ్లారా చూసినవాళ్లకు మాత్రం గాల్లోకి ఎగిరి పట్టిన క్యాచ్ గుర్తుంటుంది.

తర్వాత ఢిల్లీ టెస్టు. ఈసారి అయిదో స్థానంలో పంపారు. 43 పరుగులు చేశాడు. బాగుంది. మరి బౌలింగు? వెస్టిండీస్ రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి దాదాపు 200 ఓవర్లు ఆడింది. అందులో ఒక్క ఓవరూ ఇతడికి దక్కలేదు! ఒక టెస్టులో బ్యాటు ఖాళీ, మరో టెస్టులో బంతి ఖాళీ. ఆ రెండు మ్యాచ్‌ల అంకెలు చూసి 'ఇతడేం ఆల్‌రౌండరండీ' అనడం సులువు. అసలు జరిగిందేమిటి? మన పిచ్‌ల మీద మిగతా బౌలర్లే పని కానిచ్చేశారు. మన టాపార్డరే పరుగులన్నీ చేసేసింది. జట్టు ఎంత బాగా ఆడితే ఇతడికి అంత తక్కువ పని. వింటే విచిత్రంగా ఉన్నా కడబంతి ఆటగాడి జాతకమే అంత.

ఇదే నితీశ్‌ని 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో చూడండి. ఆస్ట్రేలియా 474 కొట్టింది. మనవాళ్లు 191కే 6 వికెట్లు పోగొట్టుకున్నారు. ఎనిమిదో స్థానంలో దిగాడు. ఆ స్థానంలో వచ్చినవాడికి మామూలుగా మిగిలేది అరగంట పని. కానీ వాషింగ్టన్ సుందర్ ఓ పక్కన పాతుకుపోయి నిలబడ్డాడు. ఇద్దరూ ఎనిమిదో వికెట్‌కి 127 పరుగులు జోడించారు. నితీశ్ 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. క్రీజులోకి వచ్చింది మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. దేశమంతా ఊపిరి బిగబట్టింది. ఆ మూడూ సిరాజ్ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్ బంతిని నితీశ్ బౌండరీకి పంపి సెంచరీ పూర్తి చేశాడు. ప్రేక్షకుల్లో తండ్రి ముత్యాలరెడ్డి కళ్లనీళ్లు పెట్టుకున్న దృశ్యం మనమంతా చూశాం. మొత్తం 189 బంతులు, 114 పరుగులు.

ఆ సెంచరీ నితీశ్ ప్రతిభే. సందేహం లేదు. కానీ సుందర్ నిలబడకపోతే? సిరాజ్ ఆ మూడు బంతుల్లో ఏ ఒక్కదానికో బౌల్డయితే? స్కోరుబోర్డులో 99 నాటౌట్ అని ఉండేది, అంతే. ఒకరి పని ఎంతన్నది పక్కనున్నవాళ్లు కూడా నిర్ణయిస్తారు. అంచనా వేసేవాళ్లు ఆటగాణ్ని ఒంటరిగా చూడకుండా అతడికి ముందున్నవాళ్లనూ, వెనకున్నవాళ్లనూ కలిపి చూడాలనేది ఇందుకే.

స్థానం మారితే తలరాత మారుతుంది

మరి ఫామ్‌కి విలువే లేదా అంటారేమో. ఉంది. కానీ ఫామ్ ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. స్థానం మారితే మాత్రం మొత్తం లెక్కే మారుతుంది. ఈ మాటకు సాక్ష్యం కూడా మన హైదరాబాదే.

2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియాతో టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో వి.వి.ఎస్.లక్ష్మణ్ ఆరో నంబరులో వచ్చాడు. ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే ఉన్నంతలో 59 చేశాడు. జట్టు మొత్తం 171. ఫాలోఆన్. రెండో ఇన్నింగ్స్‌లో అతణ్ని మూడో స్థానానికి పంపారు. ద్రవిడ్ ఆరో స్థానానికి వెళ్లాడు. ఆ తర్వాతిది మీకు నేను చెప్పాలా? 281 పరుగులు, ద్రవిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం. అదే మనిషి, అదే బ్యాటు, అదే మ్యాచ్. మొదటిసారి అతడి ఆటకంటే ముందు అతడి పక్కవాళ్లు అయిపోయారు. రెండోసారి అతడి చేతిలో రెండు రోజుల సమయం పెట్టారు.

ఇరవై మూడేళ్ల తర్వాత మరో హైదరాబాదీ అదే పాఠాన్ని మళ్లీ చెప్పాడు. 2024 నవంబరులో దక్షిణాఫ్రికాలో టీ20 సిరీస్. మొదటి రెండు మ్యాచ్‌ల్లో తిలక్ వర్మ చేసినవి 33, 20. అతడు కెప్టెన్ సూర్యకుమార్ దగ్గరకు వెళ్లి మూడో నంబరులో ఆడతానని అడిగాడు. సూర్య తన స్థానాన్నే ఇచ్చేశాడు. సెంచూరియన్‌లో 56 బంతుల్లో 107 నాటౌట్. జొహానెస్‌బర్గ్‌లో 47 బంతుల్లో 120 నాటౌట్. అంతకుముందు వారం 'ఇరవై, ముప్పై కొట్టే కుర్రాడు' అని లెక్కేసినవాళ్లు ఇతడి ప్రతిభను తప్పుగా కొలవలేదు. ఇతడికి వచ్చే బంతులను పాత స్థానం ప్రకారమే కొలిచారు.

ఇచ్చిన చెయ్యే వెనక్కి తీసుకోగలదు కూడా. 2025 ఏప్రిల్‌లో లఖ్‌నవూతో ఐపీఎల్ మ్యాచ్. ఇదే తిలక్ 23 బంతుల్లో 25 పరుగులతో ఆడుతుండగా ముంబయి జట్టు 'రిటైర్డ్ అవుట్' చేసి వెనక్కి పిలిచేసింది. గాయం లేదు, వికెట్ పడలేదు. వడ్డించేవాడు విస్తరి లాగేశాడంతే!

నోటుపుస్తకంలో అయిదు ప్రశ్నలు

ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలు జట్టు రాస్తుంటే పక్కన కూర్చోండి. పేర్లు రాసే ముందు ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు రాయమనండి.

ఒకటి, పోయిన అయిదు మ్యాచ్‌ల్లో ఎన్ని పరుగులు చేశాడని కాదు, ఎన్ని బంతులు ఆడాడు? ఎన్ని ఓవర్లు వేశాడు?

రెండు, ఏ స్థానంలో దిగాడు? ఎప్పుడూ అదేనా, లేక ఎవరో గాయపడితే ఆ రోజుకు పైకి పంపారా? గాయపడ్డవాడు తిరిగొస్తే ఇతడు మళ్లీ కిందికే.

మూడు, అతడి ముందున్నవాళ్ల ఆకలి ఎంత? పైన ముగ్గురూ భీకర ఫామ్‌లో ఉంటే ఆరో నంబరు వాణ్ని తీసుకోవడం ఖాళీ గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడటమే.

నాలుగు, అతడి రెండో పనికి ఎంతమంది పోటీ? ఆరుగురు బౌలర్లున్న జట్టులో ఏడోవాడి బౌలింగు పాయింట్లను లెక్కలో వేసుకోకూడదు.

అయిదు, అదృష్టం మీద పడ్డ పాయింట్లు ఎన్ని? ఒకే మ్యాచ్‌లో మూడు క్యాచ్‌లు పట్టినవాడు తర్వాతి మ్యాచ్‌లోనూ మూడు పడతాడని ఎవరూ చెప్పలేరు. అవి మన టచ్‌డౌన్లు.

ఈ అయిదింటికీ జవాబులు రాశాక అప్పుడు ఫామ్ చూడండి. చివర్లో 'మనోడు' అన్న అభిమానం చూడండి. తెలుగువాడని నితీశ్‌నీ తిలక్‌నీ సిరాజ్‌నీ జట్టులో పెట్టుకోవద్దని అనను. పెట్టుకోండి. కానీ అది అంచనా అనుకోకండి. అభిమానం అనుకోండి!

లెక్క ఆగేచోటు

ఇంత చేశాక మన లెక్క నిజమవుతుందా? కొన్నిసార్లు. వాన వస్తుంది. టాస్ తిరగబడుతుంది. వార్మప్‌లో మడమ బెణుకుతుంది. ఎంత నేర్పున్నా అది పరిధిని కాస్త ఇరుకు చేస్తుంది తప్ప జవాబు చెప్పదు. నేర్పుకీ అదృష్టానికీ మధ్య గీత ఎక్కడన్నది మన కోర్టులు దశాబ్దాలుగా చర్చిస్తున్న విషయమే. అందులో పేరుపడ్డ కేసు ఒకటి మన జంటనగరాలదే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పు ఆటేనని 1967లో ధర్మాసనం చెప్పింది. అదే తీర్పులో, ఆట నడిపే యజమాని పందేల మీద లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చనీ చెప్పింది. మొదటి మాటను ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి వినిపించాయి. రెండో మాట పెద్దగా వినపడలేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా డబ్బు కట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. డబ్బు పోటీలు మూతపడ్డాయి. భారత జట్టు చొక్కాల మీద పేరున్న ఫ్యాంటసీ కంపెనీ ఆ స్థానం వదులుకుంది.

చట్టం సంగతి అలా ఉంచి లెక్కే చూద్దాం. పది మంది తలా వంద వేశారనుకోండి. వెయ్యి రూపాయలు. నడిపేవాడు అందులో వంద తన జేబులో వేసుకుని మిగతా తొమ్మిది వందలు పంచాడు. పదిమందీ సమానమైన తెలివిగలవాళ్లే అయితే దీర్ఘకాలంలో ప్రతి ఒక్కడికీ వందకి పది పోతుంది. మన ఆల్‌రౌండర్‌కి ఎన్ని బంతులొస్తాయో తెలియదు. నడిపేవాడికి ఎంతొస్తుందో మాత్రం మొదటి బంతికి ముందే తెలుసు! హాస్టల్ ఫీజుకని ఇంటి నుంచి వచ్చిన డబ్బు ఆ గిన్నెలో వేయడానికి ఏ లెక్కా ఒప్పుకోదు. టీ పందెం వరకే ఇది ఆట.

అశోక్‌నగర్ స్కోరుబోర్డు

నిజానికి ఈ విద్య అశోక్‌నగర్‌కి కొత్తది కాదు. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 150 మార్కులు. ఏ అధ్యాయం నుంచి ఎన్ని బిట్లు వస్తాయో పాత పేపర్లు ముందేసుకుని లెక్కలు కట్టడం ఇక్కడ ప్రతి గదిలోనూ జరిగేదే. ఎంత బాగా చదివామని కాదు, అక్కడి నుంచి ఎన్ని ప్రశ్నలొస్తాయి? టైట్ ఎండ్ లెక్కకీ, పాలిటీ వెయిటేజీ లెక్కకీ తేడా లేదు.

ఇదే లెక్కను ఇంట్లో పెద్దలు కూడా ఒక్కసారి వేసి చూడాలి. 'మూడేళ్ల నుంచి చదువుతున్నాడు, ఇంకా ఏమీ రాలేదు' అనే ముందు, ఆ మూడేళ్లలో వాడికి వచ్చిన బంతులెన్నో లెక్కపెట్టాలి. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో వెలువడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఆడిన బంతుల్లో రెండు 'డెడ్ బాల్' కింద పోయాయి. ఆ బ్యాట్స్‌మన్ స్కోరు చూసి ఫామ్‌లో లేడని ఎలా అంటాం?

అలాగని నెపమంతా వడ్డన మీదికి నెట్టేయమని కాదు. బంతి వచ్చినప్పుడు ఆడటానికి సిద్ధంగా ఉండటం ఆటగాడి పని. అహ్మదాబాద్‌లో బ్యాటు పట్టే అవసరమే రాని నితీశ్, క్యాచ్ తన వైపు వచ్చినప్పుడు గాల్లోకి ఎగిరాడు. మూడో నంబరు ఇమ్మని తిలక్ నోరు తెరిచి అడిగాడు. ఆరో స్థానంలో పరుగులు చేసి చూపించబట్టే లక్ష్మణ్‌కి మూడో స్థానం వచ్చింది.

రేపు మీ ఇంట్లోనో, టీ కొట్టు దగ్గరో ఎవరైనా 'వాడు దండగ, తీసేయ్' అంటే తొందరపడి పేరు కొట్టేయకండి. ఒక్కసారి అడగండి: "సరే, వాడికి ఎన్ని బంతులొచ్చాయి?" జవాబు విన్నాక కూడా కొట్టేయాలనిపిస్తే కొట్టేయండి. ఓడిపోతే టీ ఖర్చు మాత్రం మీదే!